80 సీట్ల జెట్‌కు ఇంజిన్లు ఎక్కడ ఉండాలి: రెక్క కిందా, తోక పక్కనా?

కొత్తరెక్క:
గాల్లో వాదించుకోకుండా ఒక నిర్దిష్టమైన లెక్క పెడుతున్నాను. 80 సీట్లు, 1,500 కిలోమీటర్ల దూరం, 1,600 మీటర్ల రన్‌వే, మే నెలలో 42 డిగ్రీల ఎండ. విజయవాడ కేంద్రంగా 2013 నుంచి 2017 దాకా నడిచిన ఎయిర్ కోస్టా విమానాలు ఎంబ్రాయర్ ఇ170, ఇ190. వాటికి ఇంజిన్లు రెక్క కింద ఉంటాయి. ఇ170 తరగతిదే అయిన బొంబార్డియర్ సీఆర్‌జే700కి తోక పక్కన ఉంటాయి. ఆశ్చర్యమేమిటంటే రెండింట్లోనూ ఉన్నది జీఈ వారి సీఎఫ్34 ఇంజినే. సీఆర్‌జేలో 8సీ రకం, ఇ170లో 8ఇ రకం, రెండింటి ఫ్యాన్ వ్యాసం సుమారు 46 అంగుళాలు. ఇంజిన్ ఒకటే అయినప్పుడు చోటు ఎందుకు మారింది? కొత్తగా గీస్తే మీరు ఎక్కడ పెడతారు?

తోకచుక్క:
నేనైతే తోక పక్కనే. మీరిచ్చిన రన్‌వే, ఎండ చూశాకే ఈ మాట అంటున్నాను. రెక్క కింద పైలాన్ (ఇంజిన్‌ను వేలాడదీసే దూలం) లేకపోతే ముందంచున స్లాట్లు, వెనకంచున ఫ్లాప్‌లు తెగకుండా సాగుతాయి, అంత రెక్కతోనే ఎక్కువ లిఫ్ట్ (పైకెత్తే బలం) వస్తుంది.

రెండోది, ఒక ఇంజిన్ ఆగినప్పటి సంగతి. ఒక్కో ఇంజిన్ థ్రస్ట్ (ముందుకు నెట్టే బలం) 63 కిలోన్యూటన్లు అనుకుందాం. రెక్క కింద ఇంజిన్ మధ్యగీతకు 4 మీటర్ల దూరంలో ఉంటే ముక్కును పక్కకు తిప్పే బలం 252 కిలోన్యూటన్-మీటర్లు. తోక పక్కన 2 మీటర్లయితే 126. రడ్డర్ (నిలువు తోకకున్న చుక్కాని) సగమే తిప్పాలి, దాని వల్ల డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) తగ్గుతుంది. రెండింజిన్ల విమానం ఒక్క ఇంజిన్ మీద, చక్రాలు ముడుచుకున్నాక, కనీసం 2.4 శాతం వాలుతో ఎక్కాలన్నది నియమం. 42 డిగ్రీల్లో థ్రస్ట్ పడిపోయి ఉంటుంది కాబట్టి, ఎంతమందిని ఎక్కించుకోవచ్చో తేల్చేది చాలాసార్లు ఆ 2.4 శాతమే.

మూడోది గేర్ (చక్రాల కాళ్లు) పొట్టిగా ఉంటుంది. సీఆర్‌జేకి తలుపులోనే మెట్లున్నాయి, నిచ్చెన బండి రాకపోయినా ప్రయాణికులు దిగిపోతారు. చిన్న ఊళ్ల విమానాశ్రయాలకు అది పెద్ద సౌకర్యం.

స్పార్:
లిఫ్ట్ మాట ఒప్పుకుంటాను. కానీ తోకచుక్క గారు సీజీ (విమానం బరువంతా సమతూగే బిందువు) ఊసే ఎత్తలేదు. అసలు గొడవంతా అక్కడే.

అంకెలు వేసి చూద్దాం, ఇవి నమూనా అంకెలే. ఖాళీ విమానం 20,000 కిలోలు. ఇంజిన్లు, నాసెల్‌లు (ఇంజిన్ చుట్టూ ఉండే తొడుగులు), పైలాన్లు కలిపి 3,400 కిలోలు. వీటిని రెక్క దగ్గర్నుంచి తీసి 11 మీటర్లు వెనక పెడితే ఖాళీ విమానం సీజీ 1.87 మీటర్లు వెనక్కి పోతుంది. దానితోపాటు రెక్కనూ వెనక్కి జరపాలి. అప్పుడు క్యాబిన్‌లో ఎక్కువ భాగం రెక్కకు ముందుకు వస్తుంది. 78 మంది, సామానుతో మనిషికి 95 కిలోల చొప్పున, 7,400 కిలోలు. ఆ బరువు కేంద్రం ఖాళీ సీజీకి 4 మీటర్ల ముందుంటే, అందరూ ఎక్కాక సీజీ 1.08 మీటర్లు ముందుకొస్తుంది. రెక్క సగటు కార్డ్ (ముందంచు నుంచి వెనకంచు దాకా వెడల్పు) 3 మీటర్లనుకుంటే అది 36 శాతం. ఇంజిన్లు రెక్క కింద ఉన్న విమానంలో అదే దూరం 1 మీటరుంటే కదలిక 0.27 మీటర్లు, అంటే 9 శాతం.

36 శాతం కదలికను మోయాలంటే పెద్ద అడ్డతోక కావాలి. రెక్క వెనక్కి జరిగింది కాబట్టి తోకకూ రెక్కకూ మధ్య దూరం తగ్గింది, అందుకని అది ఇంకా పెద్దదవుతుంది. ఇంజిన్లు పక్కనే ఉన్నాయి కాబట్టి దాన్ని ఫిన్ (నిలువు తోక) పైకెక్కించి టీ-టెయిల్ చెయ్యాలి. టీ-టెయిల్ అంటే డీప్ స్టాల్: ముక్కు బాగా పైకి లేచి రెక్క లిఫ్ట్ కోల్పోయినప్పుడు (అదే స్టాల్), రెక్క వెనక చెదిరిన గాలిలో అడ్డతోక మునిగిపోతుంది, ముక్కు దించే శక్తి ఉండదు. 1963 అక్టోబరులో బీఏసీ వన్-ఎలెవెన్ నమూనా విమానం పరీక్షల్లో కూలి 7 మంది చనిపోయింది ఇందుకే. సీఆర్‌జేలో స్టిక్ పుషర్ (స్టాల్‌కు ముందే ముక్కును తనంతట తానే దించే పరికరం) పెట్టింది ఈ భయంతోనే.

ఇంకోటి. రెక్క కింద వేలాడే ఇంజిన్ బరువు, పైకి వంచే లిఫ్ట్‌కు ఎదురుగా పనిచేస్తుంది. రెక్క వేరు (మొండెంతో అతికే చోటు) దగ్గర స్పార్ (రెక్క లోపలి ప్రధాన దూలం) మీద భారం తగ్గి లోహం మిగులుతుంది. తోక పక్కన పెడితే ఆ మేలు పోగా, వెనక ఫ్రేములు బలపరచడానికి అదనపు బరువు పడుతుంది.

తోకచుక్క:
సీజీ లెక్క ఒప్పుకుంటున్నాను, 36 శాతం మాత్రం ఎక్కువ. ముందు సామాను గది తీసేసి మొత్తం వెనక పెడితే బాగా తగ్గుతుంది. రెక్క కింద ఇంజిన్లకు కష్టాలే లేవన్నట్టు రాశారు, అది సరికాదు. 1979 మే 25న షికాగోలో మూడింజిన్ల డీసీ-10కి ఎడమ రెక్క కింది ఇంజిన్ పైలాన్‌తో సహా ఊడిపోయింది. పోతూపోతూ రెక్క ముందంచులోని హైడ్రాలిక్ పైపులను చీల్చింది, ఆ పక్క స్లాట్లు ముడుచుకుని ఎడమ రెక్క స్టాల్ అయింది. మొత్తం 273 మంది పోయారు. పగులుకు కారణం నిర్వహణ పద్ధతి: ఇంజిన్‌నూ పైలాన్‌నూ విడివిడిగా దించకుండా ఫోర్క్‌లిఫ్ట్‌తో ఒకేసారి దించారు.

బోయింగ్ 737 కూడా చూడండి. సన్నటి జేటీ8డీ ఇంజిన్ కోసం గీసిన పొట్టి గేర్ అది. 737-300కి లావాటి సీఎఫ్ఎం56 ఇంజిన్ పెట్టాల్సి వచ్చినప్పుడు ఫ్యాన్‌ను 68 అంగుళాల నుంచి 60కి తగ్గించారు, గేర్‌బాక్స్‌ను పక్కకు జరిపి నాసెల్ అడుగును చదును చేశారు. 737 మ్యాక్స్‌లో 69 అంగుళాల లీప్-1బీ ఇంజిన్‌ను ముందుకూ పైకీ జరిపారు. దాంతో మారిన పిచ్ స్వభావాన్ని (ముక్కు పైకీ కిందికీ కదిలే తీరును) సర్దడానికి ఎమ్‌క్యాస్ అనే, ముక్కును తనంతట తానే దించే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆ తర్వాత రెండు ప్రమాదాల్లో 346 మంది పోయారు.

రోటార్:
ప్రమాదాల దగ్గరికి వచ్చారు కాబట్టి డిస్క్ (ఇంజిన్ బ్లేడ్లను పట్టి తిరిగే చక్రం) పగలడం గురించి కూడా మాట్లాడాలి. ఫ్యాన్ బ్లేడును కేసింగ్ ఆపగలదు, డిస్క్ ముక్కను ఆపలేదు. అందుకే డిజైన్‌లో మూడోవంతు డిస్క్ ముక్క దేన్నైనా చీల్చుకుపోతుందని అనుకుని, దాని తిరిగే తలానికి అటూ ఇటూ 3 డిగ్రీలు గీస్తారు. మధ్యరకం ముక్కలకు 5, చిన్నవాటికి 15 డిగ్రీలు. ఆ గీతల్లో రెండు హైడ్రాలిక్ వ్యవస్థలూ ఒకేసారి పడకూడదు.

తోక పక్కన ఈ గీతలు గీస్తే కనిపించేది ఇది: రెండు ఇంజిన్లు ఎదురెదురుగా, మధ్యలో సన్నటి ఫ్యూజిలాజ్ (విమానం మొండెం), అందులోంచే ఎలివేటర్ (అడ్డతోకలో కదిలే భాగం), రడ్డర్ లైన్లు, ఇంధన పైపులు. 1976 అక్టోబరు 12న బొంబాయి నుంచి మద్రాసు బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి తోక ఇంజిన్ల విమానం కారవెల్‌లో జరిగింది సరిగ్గా అదే. అలసట పగులుతో కంప్రెసర్ డిస్క్ బద్దలై ఇంధన పైపు తెగింది, మంట లేచింది, నియంత్రణ పోయింది. 95 మందీ చనిపోయారు. 1989లో అమెరికాలోని సూ సిటీలో కూలిన డీసీ-10 తోక ఇంజిన్ ఫ్యాన్ డిస్క్ మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ ఖాళీ చేసింది.

రెక్క కిందైతే ముక్కలు ట్యాంకులోంచి పోతాయి, అదీ చిన్న విషయం కాదు. 2010లో సింగపూర్ నుంచి లేచిన ఎయిర్‌బస్ ఎ380లో డిస్క్ పగిలింది. దిగాక, తీగలు తెగి పక్క ఇంజిన్ ఆగనే లేదు, మూడు గంటలపాటు నురగ, నీళ్లు కొట్టాల్సి వచ్చింది. అయినా విమానం దిగింది, అందరూ బతికారు.

బోరోస్కోప్:
నేల మీద పనిచేసేవాళ్ల వైపు నుంచి నాలుగు మాటలు.

ఇ170 ఇంజిన్ కౌల్ (మూత) నేల మీద నిలబడి తెరవొచ్చు. తోక పక్కన ఇంజినుకు స్టాండ్ తేవాలి, వానలో దాని మీద నిలబడి పనిచెయ్యాలి. ఇంధనం రెక్కలోంచి తోక దాకా ఫ్యూజిలాజ్ గుండా పోవాలి కాబట్టి పైపుకు బయట ఇంకో గొట్టం తొడగాలి, లోపలి పైపు కారితే ఆ మధ్య ఖాళీలోంచి చుక్క బయటకు రావాలి. ఆ డ్రైన్ దగ్గర తడి కనిపిస్తే విమానం కదలకూడదు.

తోక ఇంజిన్‌కు రాళ్ల బెడద ఉండదని అనుకుంటారు. నేల నుంచి పీల్చే సుడి తక్కువ, నిజమే. కానీ దాని ముందు మొత్తం విమానం ఉంది. ముక్కు చక్రం నుంచి ఎగిరే నీళ్ల కోసం టైరు అంచున గట్టు పెడతారు. ముందు టాయిలెట్ డ్రైన్ మూత కారితే నీలిరంగు మంచు గడ్డకట్టి, విరిగి ఇంజిన్‌లో పడుతుంది, తోక ఇంజిన్ల బోయింగ్ 727లో ఇలా ఇంజినే ఊడిన సందర్భాలున్నాయి. అన్నింటికన్నా చెడ్డది రెక్క మీది పారదర్శక మంచు. ట్యాంకులో మిగిలిన చల్లటి ఇంధనం వల్ల రెక్క వేరు దగ్గర గాజులాంటి పొర కడుతుంది, కంటికి తడిలా ఉంటుంది. 1991 డిసెంబరు 27న స్టాక్‌హోమ్‌లో తోక ఇంజిన్ల ఎండీ-81 లేస్తుంటే రెక్క వంగి ఆ పొర విరిగింది, నేరుగా రెండు ఇంజిన్లలోకీ వెళ్లింది. రెండూ పోయాయి. పొలంలో దిగి 129 మందీ బతికారు. అలాంటి చోట రెక్కను చూస్తే చాలదు, చేత్తో తడిమి చూడాలి. మన ఎండల్లో ఈ బాధ తక్కువే, కానీ విమానాన్ని ఒక్క ఊరికోసం గియ్యరు కదా.

కొత్తరెక్క:
మరి ఎంబ్రాయర్ వాళ్లే ఈఆర్‌జే-145కి తోక పక్కన పెట్టి, ఇ170కి వచ్చేసరికి రెక్క కిందకు ఎందుకు మారారు?

స్పార్:
145 కథ మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోతుంది. మొదట రెక్క మీద గీశారు, తర్వాత రెక్క కింద, చివరకు తోక పక్కన. రెక్క కింద పెట్టినప్పుడు గేర్ మరీ పొడవైంది. 50 సీట్ల సన్నటి ఫ్యూజిలాజ్ నేలకు దగ్గరగా ఉంటుంది, కింద చోటు లేదు. ఇ170 నాటికి సీట్లు వరుసకు నాలుగు, ఫ్యూజిలాజ్ లోతు పెరిగి కింద సామాను గది వచ్చింది, విమానం ఎలాగూ ఎత్తయింది. ఆ ఎత్తులో 46 అంగుళాల ఫ్యాన్ పట్టింది.

మీ 80 సీట్లకు ఇవాళ 46 అంగుళాల ఫ్యాన్ పెట్టరు, గేర్డ్ టర్బోఫ్యాన్ (గేరు ద్వారా ఫ్యాన్‌ను నెమ్మదిగా తిప్పే కొత్త రకం ఇంజిన్) 56 అంగుళాలు. నాసెల్ బయటి వ్యాసం 1.8 మీటర్లు వేసుకోండి, దాని కింద అర మీటరు ఖాళీ. అది ఇ170 ఎత్తుకు దగ్గర్లోనే సర్దుకుంటుంది. అదే ఇంజిన్ తోక పక్కన పెడితే ఒక్కోటి 400 కిలోలు పెరిగిందనుకున్నా, 10 మీటర్ల వెనక 800 కిలోలు, సీజీ మరో 0.38 మీటర్లు వెనక్కి. రెక్క ఇంకాస్త వెనక్కి, తోక ఇంకాస్త పెద్దది.

తోకచుక్క:
56 అంగుళాల దగ్గర ఆ 0.38 మీటర్లకు నా దగ్గర జవాబు లేదు, 80 సీట్లకు రెక్క కిందే పెట్టండి. 50 సీట్ల లోపు మాత్రం నా మాట మారదు. కొత్తరెక్క గారూ, రెక్క కింద గీసేటప్పుడు ఫిన్ వైశాల్యాన్ని 252 కిలోన్యూటన్-మీటర్లకే లెక్క వెయ్యండి, చల్లటి ఉదయం పూర్తి థ్రస్ట్‌తో, తేలికైన విమానంతో. ఎండకు కొలిచిన ఫిన్ జనవరిలో చాలదు. అలాగే తలుపు గడప ఎత్తు కొలిచి, మెట్ల బండి లేని ఊళ్లో ప్రయాణికులు ఎలా దిగుతారో కూడా రాయండి.