సెక్షన్ వ్యూ క్రాప్ కావడం లేదు, ఎక్కడ పొరపాటు?

క్యాడ్ (కంప్యూటర్ డ్రాయింగు) సాఫ్ట్‌వేర్‌లో 1200 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కు (తిరిగే ఇరుసు) ఏ3 షీటు మీద డ్రాయింగు చేస్తున్నాను. కీవే (కీ కూర్చునే గాడి) ఉన్న చివర ఒక్కటే 2:1 స్కేలులో కనిపిస్తే చాలు. ముందువైపు వ్యూ మీద స్ప్లైన్ (మూసిన వంపు గీత) గీసి, దాని బయటి భాగం కనిపించకుండా క్రాప్ చేస్తే చక్కగా వచ్చింది. సెక్షన్ వ్యూ (కోసి లోపలిది చూపే బొమ్మ) దగ్గర మాత్రం అలాగే గీసినా క్రాప్ బటన్ మసకబారి, నొక్కినా పలకడం లేదు. గీత ఎక్కడా తెగలేదు, జూమ్ చేసి రెండుసార్లు చూశాను.

ఒక అనుమానం: వ్యూను జరిపితే స్ప్లైన్ ఉన్నచోటే ఉండిపోతోంది. అంటే అది వ్యూకు కాకుండా షీటుకు అతుక్కుందా? అలాగైతే, మళ్లీ గీయకుండా దాన్ని వ్యూలోకి మార్చే దారి ఉందా? (ఆ వంపులు కుదర్చడానికే అరగంట పట్టింది.)

ఇంకొకటి, క్రాప్‌లో మాయమైన చివర నుంచి ఇచ్చిన పొడవు కొలత నిలుస్తుందా, ఆధారం పోయి వేలాడుతుందా? దయచేసి డీటెయిల్ వ్యూ (ఒక భాగాన్ని విడిగా పెద్దది చేసి చూపే బొమ్మ) వాడమనకండి, షీటులో ఇంకో వ్యూకు చోటు లేదు.