మ్యాపంతా తెల్లగా వస్తోంది, కుంటలు కనిపించడం లేదు

కట్టమీది కొంగ: మధ్యాహ్నం 2 గంటలకు కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి 9 అయింది. జనగామ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి 64 కుంటల వివరాలు ఫోన్లలో నమోదు చేసుకొచ్చాం. వాటిని క్యూజీఐఎస్ అనే మ్యాపుల ప్రోగ్రామ్‌లోకి ఎక్కిస్తే కుంటల జాడే లేదు. పొర (లేయర్) పేరు వస్తుంది, దాని దగ్గరికి జూమ్ చేస్తే తెర తెల్లబోతుంది. ఉపగ్రహ చిత్రం దిగడం లేదనుకుని సిమ్ మార్చాను, పక్కింటి వైఫై అడిగాను, ప్రోగ్రామ్ రెండుసార్లు తీసేసి మళ్లీ పెట్టాను. రేపు పొద్దున్నే ఇచ్చేయాలి. దయచేసి ఎవరైనా చెప్పండి.

మూడోకన్ను: ఏ యాప్? ఏ ఫైలు?

అడవిదారి: నెట్‌ను నమ్ముకుని మ్యాపు పనికి దిగడమే మొదటి తప్పు. బయలుదేరే ముందే ఆ ప్రాంతం వరకు ఎంబీటైల్స్ ఫైలు (నెట్ లేకున్నా తెరుచుకునే మ్యాపు పలకల మూట) చేసి ఫోనులో పెట్టుకోవాలి. మళ్లీ అత్యాశకు పోకూడదు. జూమ్ ఒక్క మెట్టు పెంచితే పలకల సంఖ్య నాలుగింతలవుతుంది, ఫోను నిండిపోతుంది. ఇది నేను ఇక్కడ ఎన్నిసార్లు రాశానో!

కట్టమీది కొంగ: అయ్యా, ఊళ్లలో ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బందంతా ఇంటికొచ్చాకే. యాప్ ఓడీకే కలెక్ట్, ఫోనులో ఫారాలు నింపేది. ఫైలు మామూలు సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన పట్టిక.

గొలుసు సర్వేయరు: అసలు ఫోనుతో గుంటలు కొలవడం ఏమిటండీ? గుంట అంటే 33 అడుగులకు 33 అడుగులు, అంటే 121 చదరపు గజాలు. అలాంటివి నలభై అయితే ఎకరం. ఆరుబయట కూడా ఫోను అయిదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. అయిదు మీటర్లంటే గుంట భుజంలో సగం! దాంతో హద్దులు తేలుస్తారా? గొలుసు పట్టిన చేతులకు తెలుస్తుంది ఆ తేడా.

కట్టమీది కొంగ: గుంటలు కాదు సర్వేయరు గారూ, కుంటలు. నీళ్ల కుంటలు. ఒక్కోదానికి ఒక్క చుక్క పెట్టాం, అంతే. హద్దుల ఊసే లేదు.

గొలుసు సర్వేయరు: కుంటకు మాత్రం హద్దు ఉండదా? శిఖం భూమి (కుంట నీళ్ల కిందికి వచ్చే భూమి) తగాదాలన్నీ మరి ఎక్కడివి?

మూడోకన్ను: ఆ పొర మీదే ఉండి, మౌస్ చక్రం వెనక్కి తిప్పుతూ పోండి. ఏ దేశం కనిపిస్తోంది?

కట్టమీది కొంగ: నార్వేకి పైన ఏదో దీవి వచ్చింది! ల్యాప్‌టాప్‌కు వైరస్ పట్టిందా?

మూడోకన్ను: అది స్పిట్స్‌బెర్గెన్. చిత్రం ఎప్పుడో దిగింది, అక్కడ ఉన్నదే మంచు. ఫైలు ఎక్కించేటప్పుడు ఎక్స్ దగ్గర ఏ వరుస (కాలమ్) ఎంచుకున్నారు?

కట్టమీది కొంగ: అక్షాంశం. అక్షాంశాలు అడ్డగీతలే కదా, ఎక్స్ కూడా అడ్డమే కదా. మామూలుగా ప్రోగ్రామే వరుసలు ఎంచుకుంటుందట, ఈసారి ఖాళీగా వదిలేసింది. వరుసల పేర్లు తెలుగులోకి మార్చాను, అందుకేనేమో.

మూడోకన్ను: అందుకే. ఎక్స్‌లో రేఖాంశం, వైలో అక్షాంశం పెట్టండి.

నీటిలెక్క: ఇందులో మీ తప్పేమీ లేదు. గీత అడ్డంగా ఉంటుంది కానీ, అది చెప్పేది భూమధ్యరేఖకు ఎంత పైనో కిందో అన్న సంగతి. అంటే నిలువు లెక్క. పైగా బడిలో అక్షాంశ రేఖాంశాలు అని ఆ వరుసలోనే నోటికి వచ్చేసింది. ఓడీకే కూడా అక్షాంశమే ముందు రాస్తుంది. మీ చుక్కలు 17.7, 79.1 దగ్గర ఉండాలి. తిరగేస్తే 79.1 ఉత్తరం, 17.7 తూర్పు. జనగామ నుంచి నేరుగా ధ్రువ ప్రాంతానికే.

అడవిదారి: అక్షాంశం ముందు రాయడమే సరైన పద్ధతి.

నీటిలెక్క: జియోజేసన్ అనే రకం మ్యాపు ఫైళ్లలో రేఖాంశం ముందు, కేఎంఎల్ రకంలోనూ అంతే. సరైన పద్ధతి అనేది ఒకటుంటే ఈ గొడవే ఉండేది కాదు.

అడవిదారి: గూగుల్ మ్యాప్స్‌లో కొట్టి చూడండి, ఏది ముందు అడుగుతుందో.

కట్టమీది కొంగ: వచ్చాయి! థాంక్స్ అండీ. రెండు మాత్రం కుంటకు పక్కగా, రోడ్డు మీద పడ్డాయి.

మూడోకన్ను: ఖచ్చితత్వం వరుస చూడండి. ఆ రెండింటికీ ఎన్ని మీటర్ల తేడా ఉంది? జీపీఎస్ కుదురుకునేదాకా ఆగకుండా నొక్కేస్తే 30, 40 కూడా వస్తాయి.

కట్టమీది కొంగ: ఆ వరుస అక్కర్లేదనుకుని తీసేశాను.

మూడోకన్ను: సర్వర్ నుంచి ఫైలు మళ్లీ దించుకోండి.

గొలుసు సర్వేయరు: ఆగండి. రోడ్డు అంటున్నారు, అది ఊరి రోడ్డా, కట్ట మీది బండిబాటా? కట్ట మీద నిలబడి నొక్కి ఉంటే తప్పేముంది? కుంట మధ్యలోకి దిగి ఎవరు నొక్కుతారు?