అమ్మ సీరియల్ మధ్యాహ్నానికి మారింది, ఇక ఆపేస్తారా?

గోదారి గట్టు:
అమ్మ రోజూ సాయంత్రం ఆరున్నరకి చూసే సీరియల్‌ని ఈ సోమవారం నుంచి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మార్చారు. వారం ముందే కింద స్క్రోలింగ్ వేశారట, అమ్మ చూసుకోలేదు. ఆరున్నరకి కాఫీ గ్లాసుతో కూర్చుంటే ఇంకేదో సీరియల్ వస్తోంది. "రిమోట్ పాడైందిరా" అని నాకు ఫోన్! అందులో మామగారు కోమాలో పడి రెండు నెలలైంది. ఆస్తి కాగితాలు ఎక్కడున్నాయో ఆయనొక్కడికే తెలుసు. టైము మార్చారంటే ఆపేస్తున్నట్టేనా? అసలు ఇవన్నీ ఎవరు, ఏం చూసి తేలుస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు చిన్నది:
మా నాయనమ్మది గిదే కథ. తొమ్మిదింటి నుంచి పదిన్నరకి, ఆడికెళ్లి పగటికి, ఆఖరికి ఒక శనివారం శుభం కార్డు. ఆ పిల్ల పెండ్లి అయిందా లేదా అని ఇప్పటికీ అడుగుతది.

ఎడిట్‌రూమ్ కాకి:
నేను నాలుగేళ్లు సీరియల్ యూనిట్లలో అసిస్టెంట్ రైటర్‌గా చేశాను. చానల్ పేరు మాత్రం అడగొద్దు. మాకు వారం గురువారంతో మొదలయ్యేది. టీవీ ఎవరు ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ సంస్థ రేటింగ్స్ వచ్చేది ఆ రోజే. పొద్దున్నుంచీ ప్రొడక్షన్ మేనేజర్ ముఖం చూసి మేం రేటింగ్ పసిగట్టేవాళ్లం.

అందరూ రేటింగ్ తగ్గితే ఆపేస్తారనుకుంటారు. అందులో సగమే నిజం. చానల్ చూసేది స్లాట్‌ని, అంటే మీ సీరియల్ వచ్చే టైముని. మీకన్నా ముందు వచ్చే సీరియల్ ఎంతమందిని అప్పజెప్పింది, అందులో మీరెంతమందిని నిలబెట్టారు, అదే టైముకి పక్క చానల్లో ఏముంది, ఇవీ లెక్కలు. ముందు సీరియల్‌కి ఏడు వచ్చి మీకు నాలుగు వచ్చిందనుకోండి, ఆ నాలుగు బాగానే ఉన్నా మీరు దోషే. మీ తర్వాత వచ్చేవాడు కూడా మీ మీద ఫిర్యాదు చేస్తాడు.

ఆ తర్వాత ఖర్చు. ఎపిసోడ్‌కి ఇంత అని చానల్ నిర్మాతకి ఇస్తుంది. పగటిపూట అంత ఖర్చు పెట్టే బదులు డబ్బింగ్ సీరియల్ వేసుకుంటే, రేటింగ్ సగమే వచ్చినా వాళ్లకి గిట్టుబాటు. అలాగని గోదారి గట్టు గారూ, పగటికి మారినవన్నీ వెంటనే ఆగిపోవు, కొన్ని అక్కడే ఏడాది లాగుతాయి. కానీ కథలో పెద్ద ఆర్టిస్టుల పాత్రలు ఒక్కొక్కటే ఊరెళ్లడం, జైలుకెళ్లడం మొదలైందంటే బడ్జెట్ కోశారని అర్థం.

ఒక సీరియల్ ఆగిన రోజు నాకు బాగా గుర్తు. మణికొండలో షూటింగ్ బంగళా. డైరెక్టర్ గారు మెట్ల మీద కూర్చుని పులిహోర తింటున్నారు. ఫోన్ వచ్చింది. "ఎన్ని?" అన్నారు, అంతే. పన్నెండు ఎపిసోడ్లలో ముగించాలి. మా చేతిలో ఇంకా తేలని ట్రాకులు, అంటే ఉపకథలు, మూడున్నాయి. నాలుగొందల ఎపిసోడ్లు కుట్రలు చేసిన అత్తగారిని తులసికోట దగ్గర ఒక్క సీన్లో మార్చేశాం. హీరోయిన్ అప్పటికే వేరే సీరియల్‌కి డేట్లు ఇచ్చేయడంతో ఆమె క్లైమాక్స్ సగం వెనకనుంచి తీసినదే, డూపుతో. వారం తిరక్కుండా అదే బంగళాలో కర్టెన్లు మార్చి ఇంకో సీరియల్ ముహూర్తం.

లెక్కల మాస్టారు:
ఆ రేటింగ్ ఎక్కడిదో కూడా చెప్పండి. 2020లో బార్క్ చెప్పిన లెక్క ప్రకారమే దేశంలో టీవీ ఉన్న ఇళ్లు 21 కోట్లు. ఏ చానల్ చూస్తున్నారో పట్టే మీటర్లు పెట్టింది ఏ 50,000 ఇళ్లలోనో. మన రెండు రాష్ట్రాలనూ కలిపి ఒకే మార్కెట్‌గా లెక్కేస్తారు. ఆ ఇంట్లోవాళ్లు ఎవరు చూస్తున్నారో వాళ్ల పేరిట ఉన్న బటన్ నొక్కాలి. వంటింట్లోంచి చూసే ఇల్లాలు నొక్కుతుందా? పైగా 2020 అక్టోబర్‌లో మీటర్ల ఇళ్లకి డబ్బులిచ్చారని ముంబై పోలీసులు కేసు పెట్టాక, న్యూస్ చానళ్ల రేటింగులు 2022 మార్చి దాకా ఆపేశారు.

ఎడిట్‌రూమ్ కాకి:
మాస్టారూ, నిజమే. కానీ యాడ్ ఇచ్చేవాళ్లందరూ ఆ అంకెకే డబ్బులు కడుతున్నప్పుడు తప్పో ఒప్పో అదే త్రాసు.

దూరదర్శన్ బాబాయ్:
మా రోజుల్లో పద్ధతి వేరమ్మా. సన్ గ్రూపు చానళ్లలో చాలాకాలం నిర్మాతే స్లాట్‌కి డబ్బు కట్టి, యాడ్ టైము తనే అమ్ముకునేవాడు. అప్పుడు ఆపేది చానల్ ఒక్కటే కాదు. సబ్బులవాళ్లు, చీరల కొట్లవాళ్లు రాకపోతే నిర్మాతే చేతులెత్తేసేవాడు.

వంటలక్క అభిమాని:
పెద్ద సీరియల్ అయితే ఆపడానికి వాళ్లకే మనసొప్పదు. కార్తీకదీపం చూడండి. 2022లో డాక్టర్‌బాబునీ దీపనీ తీసేసి పిల్లల్ని పెద్దవాళ్లని చేశారు. జనం ఒప్పుకోలేదు, కొన్ని నెలలకే వాళ్లని వెనక్కి తెచ్చారు. 2023 జనవరిలో ముగించారు. 2024 మార్చికల్లా అదే జంటతో కొత్త కథ!

డల్లాస్ బావ:
ఇక్కడ అమెరికాలో మే నెలంటే సీరియల్ వాళ్లకి పరీక్ష ఫలితాల్లాంటిది. చానళ్లు యాడ్ కంపెనీలని పిలిచి వచ్చే సీజన్ జాబితా చూపిస్తాయి, దానికి ముందే ఎవరిని ఉంచాలో తేల్చేస్తాయి. 2018 మేలో ఫాక్స్ చానల్ వాళ్లు బ్రుక్లిన్ నైన్ నైన్ అనే కామెడీ సీరియల్‌ని ఆపేస్తే మర్నాడే ఎన్‌బీసీ చానల్ ఎత్తుకుంది. అభిమానుల గోల ఒక్కటే కారణం కాదు, అది తీసింది ఎన్‌బీసీ సొంత గ్రూపు స్టూడియోనే. సరుకు ఎవరిదన్నది అంత ముఖ్యం. అభిమానుల వల్ల బతికిందంటే 2007లో జెరికో అనే సీరియల్. ఆపొద్దంటూ సీబీఎస్ చానల్ ఆఫీసుకి 20 టన్నుల పైగా వేరుశెనగలు పంపారు. ఏడు ఎపిసోడ్లు ఇచ్చి మళ్లీ ఆపేశారు.

ఎడిట్‌రూమ్ కాకి:
బావగారు మంచి పాయింట్ పట్టారు. ఇక్కడ డబ్బిచ్చి తీయించేది చానలే కాబట్టి హక్కులు కూడా మామూలుగా చానల్ దగ్గరే ఉంటాయి. మీ అమ్మగారి సీరియల్‌ని పక్క చానల్ ఎత్తుకోవడం జరిగే పని కాదు.

ఓరుగల్లు చిన్నది:
పల్లీలు పంపుదామంటే మా నాయనమ్మ ముందుంటది.

గోదారి గట్టు:
అప్‌డేట్: అయిపోయిందండీ. నిన్న ప్రోమోలో "ఈ వారమే ముగింపు" అని వేశారు. ఇంకా నాలుగు ఎపిసోడ్లు. మామగారు ఇంకా లేవలేదు. అమ్మ మాత్రం ఆరున్నరకి వచ్చే కొత్తదాంట్లో పడిపోయింది, "పిల్ల బాగుందిరా, అత్తే కాస్త తేడా" అంటోంది.

ఎడిట్‌రూమ్ కాకి:
గురువారం లేస్తాడు చూడండి. కాగితాలు దేవుడి పటం వెనకాల ఉంటాయి.