చెస్‌లో తెల్లతో డి4 ఆడితే డి5, ఈ6 గోడ కదలడం లేదు: రెపర్టరీ (మనం ఆడే ఓపెనింగ్‌ల సెట్టు) ఎట్ల కట్టుకోవాల?

ప్రశ్న (తిరుపతి): అన్నా, రేటింగ్ 1450 దగ్గర. తెల్లతో డి4, దానికి డి5. సి4, దానికి ఈ6. ఇక్కడ నైట్ ఎఫ్3 పెట్టి, తర్వాత సి×డి5 (× అంటే కొట్టడం) ఆడతా ఉండా. నల్ల ఈ×డి5 తీసుకోని, సి6, బిషప్ ఎఫ్5 పెట్టేస్తే ఇంక ఏ పక్కా ఆట కదల్ల. నెలన్నరలో చిత్తూరులో క్లాసికల్ టోర్నీ ఉంది, 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు. అప్పటికి స్లావ్ (సి4కి సి6), డి×సి4, నిమ్జో (నైట్ ఎఫ్6, ఈ6, బిషప్ బి4) వీటికి కూడా ఏదో ఒకటి కావాల. లండన్‌కి (డి4 తర్వాత సి4 లేకుండా బిషప్ ఎఫ్4) మారిపోదామా?

జవాబు (చిత్తూరు): మారొద్దు సామీ. తప్పు ఓపెనింగ్‌ది కాదు, ఎత్తుల వరసది. ఆ నైట్ ఎఫ్3 తొందరపడి ఆడుతున్నారు. మూడో ఎత్తు నైట్ సి3, నల్ల నైట్ ఎఫ్6, అప్పుడు సి×డి5, ఈ×డి5, బిషప్ జి5. రాజుపక్క నైట్ ఇంకా జి1లోనే ఉండాల. ఇప్పుడు నల్ల సి6 ఆడి, ఈ3కి బిషప్ ఎఫ్5 అంటే క్వీన్ ఎఫ్3 ఉంది. బిషప్ జి6కి పోతుంది. మీరు బిషప్×ఎఫ్6, క్వీన్×ఎఫ్6, క్వీన్×ఎఫ్6, జి×ఎఫ్6. క్వీన్లు పోయినా నల్ల బంట్లు ఎఫ్ గీత మీద జంటపడి చెడిపోతాయి. మీ నైట్ ఎఫ్3లో ఉంటే ఆ గడి క్వీన్‌కి దొరకదు, అందుకే మీకు ఏమీ మిగలడం లేదు.

మామూలుగా వచ్చే వరస: బిషప్ ఈ7, ఈ3, క్యాజిల్ (రాజు, రూక్ ఒకే ఎత్తులో జరగడం), బిషప్ డి3, నైట్ బిడి7 (బి గీతలోని నైట్ డి7కి), క్వీన్ సి2, రూక్ ఈ8, నైట్ జిఈ2, నైట్ ఎఫ్8, క్యాజిల్. బిషప్ డి3, క్వీన్ సి2 రెండూ ఎఫ్5 గడిని కాస్తాయి. నల్ల తెల్లగడుల బిషప్ అంత తొందరగా బయటికి రాదు.

ఇక్కడినుంచి రెండు దారులు. ఒకటి ఎఫ్3 పెట్టి ఈ4 తోయడం. 1952 సోవియట్ ఛాంపియన్‌షిప్‌లో కెరెస్ మీద బోత్విన్నిక్ ఆడిన ఆట చూడండి, ప్లాన్ మొత్తం అందులో ఉంది. రెండోది మైనారిటీ అటాక్: రూక్ బి1, బి4, ఏ4, బి5. మీ రెండు బంట్లతో వాళ్ల మూడింటి మీదికి పోయి సి6ని వెనకబడ్డ బంటుగా చేసి, సగం తెరిచిన సి ఫైల్‌లో రూక్ నిలబెట్టడం. అయితే బి4 తోయగానే నల్ల తనే బి5 ఆడి, నైట్‌ని బి6 మీదుగా సి4కి తెచ్చి సి6ని దాచేస్తుంది. ఆ సమయానికి ఏ4 తోయడానికి సిద్ధంగా లేకపోతే బి4 తొందరపాటే. ఇంకొకటి, మీరు ఆ పక్క బంట్లు తోస్తా ఉంటే నల్ల నైట్ ఈ4, నైట్ జి6, రూక్ ఈ6 అని మీ రాజు మీదికి వస్తుంది. జిఈ2 నైట్‌తో మొదటి దారే నాకు నచ్చుతుంది, ఎఫ్3 ఉంటే ఆ ఈ4 గడి వాళ్లకి దొరకదు.

జవాబు (మదనపల్లె): ఒక ఉచ్చు చేర్చుకోండి. బిషప్ జి5 తర్వాత నల్ల నైట్ బిడి7 ఆడితే, డి5 బంటు ఊరికే దొరికినట్టు కనిపిస్తుంది. నైట్×డి5 కొట్టారా, అయిపోయింది. నైట్×డి5, బిషప్×డి8, బిషప్ బి4 చెక్. క్వీన్ డి2 ఒక్కటే అడ్డు. బిషప్×డి2, రాజు×డి2, రాజు×డి8. ఒక పీస్ తక్కువతో మిగులుతారు.

నైట్ ఎఫ్6 బదులు మూడో ఎత్తులో బిషప్ ఈ7 వస్తే బిషప్ జి5 కుదరదు, ఊరికే కొట్టించుకుంటారు. సి×డి5, ఈ×డి5, బిషప్ ఎఫ్4, సి6కి క్వీన్ సి2. సి×డి5ని బంటు బదులు నైట్‌తో తీసుకుంటే ఈ4, నైట్×సి3, బి×సి3, సి5, నైట్ ఎఫ్3, సెంటర్ మీది. సి×డి4, సి×డి4, బిషప్ బి4 చెక్‌కి బిషప్ డి2 చాలు, జంకొద్దు.

జవాబు (శ్రీకాళహస్తి): మిగతావి చిన్నగా పెట్టుకోండి.

స్లావ్‌కి నైట్ ఎఫ్3, నైట్ ఎఫ్6, ఈ3. నైట్ సి3 ఆడితే డి×సి4 తర్వాత చదవాల్సింది చాలా పెరుగుతుంది, 1450కి అంత అవసరం లేదు. బిషప్ ఎఫ్5 వస్తే నైట్ సి3, ఈ6, నైట్ హెచ్4. బిషప్‌ని కొడితే మీకు రెండు బిషప్‌లూ మిగులుతాయి. హెచ్ ఫైల్ నల్ల రూక్‌కి తెరుచుకుంటుంది, కాబట్టి రాజుపక్క క్యాజిల్‌కి తొందర వద్దు. బిషప్ జి4 వస్తే క్వీన్ బి3, బి7 మీద దెబ్బ.

డి×సి4కి ఈ3. బంటుని కాపాడాలని బి5 ఆడేవాళ్లు మన జిల్లాల్లోనూ ఉంటారు: ఏ4, సి6, ఏ×బి5, సి×బి5, క్వీన్ ఎఫ్3. ఏ8 రూక్‌కి గురి, పీస్ ఇవ్వక తప్పదు.

నిమ్జోకి నాలుగో ఎత్తు ఈ3. క్యాజిల్, బిషప్ డి3, డి5 వచ్చాక సి×డి5, ఈ×డి5, నైట్ జిఈ2. చూశారా, అదే బంట్ల అమరిక, అదే ఎఫ్3, ఈ4. అందుకే ఈ రెపర్టరీ కట్టడానికి నెలన్నర సరిపోతుంది.

లిచెస్ అనే చెస్ సైట్‌లో ఒక స్టడీ, నాలుగు చాప్టర్లు, ఒక్కోదానిలో 12 ఎత్తులకి మించొద్దు. ప్రతి ఎత్తు పక్కన ఎందుకో ఒక వాక్యం తెలుగులో రాయండి. రాయలేకపోతే ఆ ఎత్తు మీకు రానట్టే. రోజుకి 20 నిమిషాలు చాప్టర్, తర్వాత 15+10 (15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు) ఆట ఒకటి. బ్లిట్జ్‌లో (కొద్ది నిమిషాల ఆటలో) ఈ వరసలు అలవాటు కావు. స్టాక్‌ఫిష్ (చెస్ కంప్యూటర్ ప్రోగ్రామ్) ఆట అయ్యాకే తెరవండి.

ప్రశ్న అడిగినవారు: అర్థమైంది అన్నా. ఎఫ్3 పెట్టాక నల్ల సి5 తోస్తే?

జవాబు (చిత్తూరు): ఎఫ్3తో ఈ3 బంటు పలచబడుతుంది, ఈ8 రూక్ దాన్నే చూస్తా ఉంటుంది. రూక్ ఏడి1 ముందే ఉంటే డి×సి5 కొట్టి, ఒంటరైన డి5 మీదికి పోవచ్చు. అందుకే మన స్థాయికి రూక్ ముందు, ఎఫ్3 తర్వాత.