పాటల యాప్‌లు మానేసినవాళ్లు ఇప్పుడు ఎలా వింటున్నారు?

గోదారి గట్టు
ఆరేళ్లుగా ఒకే యాప్‌కి డబ్బులు కడుతున్నాను. పోయిన ఆదివారం వంట చేసుకుంటూ నా ఘంటసాల లిస్టు పెడితే 140 పాటల్లో 23 మసకగా మారిపోయి ఉన్నాయి. నొక్కితే ‘ప్రస్తుతం అందుబాటులో లేదు’ అని వస్తోంది. అవి డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నవే. కస్టమర్ కేర్‌కి రాస్తే హక్కుదారులతో ఒప్పందం ముగిసిందని రెండు ముక్కల్లో జవాబిచ్చారు. మా నాన్నగారు ఉన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో పాటా చెప్పి చేయించిన లిస్టు అది. ప్రస్తుతానికి పేర్లైనా కనబడుతున్నాయి. రేపు పేర్లు కూడా పోతే ఏవి పోయాయో నాకు గుర్తుండదు.

ఈ నెలతో మానేస్తున్నాను. మూడు సంగతులు చెప్పండి. ఫోన్లో సొంత ఫైళ్లు వినడానికి ఏ ప్లేయర్ బాగుంటుంది? కారులో పెన్‌డ్రైవ్ పెడితే పాటలు వరసగా రావడం లేదు, ఎందుకు? మా అమ్మకి 74 ఏళ్లు, టచ్ ఫోన్ చేతకాదు, ఆవిడకి ఏం కొనాలి?

పన్నెండువేల పాటలు
మంచి పని చేశారు. నేను ఏ యాప్‌కీ ఒక్క రూపాయి కట్టలేదు. 2006 నుంచి పోగేస్తున్నాను. ఇప్పటికి 12,000 పైచిలుకు ఉన్నాయి, అన్నీ 320 కేబీపీఎస్, అంటే ఎంపీ3లో అన్నిటికన్నా పై నాణ్యత. సంవత్సరం, సినిమా వారీగా ఫోల్డర్లు. ఒక హార్డ్‌డిస్క్ నా దగ్గర, ఇంకోటి మా తమ్ముడింట్లో. ఎవడి ఒప్పందం ముగిసినా నా పాట ఆగదు.

డాలస్ తెలుగు
ఆ మసక పాటల బాధ ఇక్కడ ఇంకా ఎక్కువండీ. ఇండియాలో మా అక్క పంపిన లింకు నొక్కితే ‘మీ దేశంలో లేదు’ అంటుంది. హక్కులు దేశాల వారీగా అమ్ముతారు కాబట్టి ఒకే యాప్, ఒకే పాట, అక్కడ మోగుతుంది, ఇక్కడ మోగదు. పోయినేడాది పిల్లల్ని కూచిపూడి క్లాసుకి దింపే దారిలో వినిపించే పాటలు సగం ఇలాగే పోయాయి. దేశానికి వచ్చినప్పుడు సీడీలు కొనుక్కుని తెచ్చుకుంటున్నాను. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడానికి బయట తగిలించే డ్రైవ్ కొనాల్సి వచ్చింది, ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సీడీ పెట్టే చోటే లేదు కదా.

థియేటర్ చెవులు
> అన్నీ 320 కేబీపీఎస్

ఈ మాట దగ్గర ఆగుతున్నాను. రికార్డింగ్ థియేటర్లో 19 ఏళ్లు పని చేశాను, చెవులతో బతికినవాణ్ణి. 2006లో నెట్‌లో దొరికిన తెలుగు పాటల్లో ఎక్కువ భాగం 128లో చేసినవి. వాటినే మళ్లీ 320లోకి మార్చి పెట్టేవారు. ఫైలు సైజు పెరుగుతుంది, ఒకసారి పోయిన శబ్దం మాత్రం తిరిగి రాదు. స్పెక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పాటని అందులోకి లాగి చూడండి. పాటలోని శబ్దాల్ని బొమ్మగా చూపిస్తుంది. అసలైన 320 అయితే ఆ బొమ్మ 20 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుంది. 128 నుంచి మార్చినదైతే 16 దగ్గర గీత గీసి కోసినట్టు ఆగిపోతుంది.

పన్నెండువేల పాటలు
ఎవరూ అడగని పరీక్ష ఇది. ఇన్నేళ్లుగా రోజూ వింటున్నాను, నాకు తేడా తెలియదంటారా? మంచి స్పీకర్లున్నాయి మా ఇంట్లో.

థియేటర్ చెవులు
తెలియదని అనలేదు. చూడమన్నాను. పది పాటలు చూడండి చాలు.

ఇంట్లో సర్వర్
మీరిద్దరూ ఆగండి. అసలు సంగతి ఫైలు సైజు కాదు. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో పోయింది. గానా 2022లో ఉచితంగా వినడం తీసేసింది. రెస్సో 2024 జనవరి 31న మన దేశంలో ఆగిపోయింది, వింక్ కూడా అదే ఏడాది మూతపడింది. ప్రతిసారీ లిస్టులన్నీ మళ్లీ కట్టుకోవాలి. నాలుగోసారి ఇక నాకు ఓపిక లేకపోయింది.

పాత ల్యాప్‌టాప్‌లో నావిడ్రోమ్ అనే పాటల సర్వర్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. పాటలు ఇంట్లో ఉంటాయి, ఫోన్లో యాప్ ద్వారా ఎక్కడినుంచైనా వింటాను. చూడ్డానికి డబ్బులు కట్టే యాప్‌లాగే ఉంటుంది. మా ఆవిడ, పిల్లలు, ఊళ్లో మా నాన్న, అందరికీ వేరు వేరు ఖాతాలు. కరెంటు పోయినా ల్యాప్‌టాప్‌కి దాని బ్యాటరీయే ఇన్వర్టర్. రౌటర్‌కి మాత్రం చిన్న యూపీఎస్ పెట్టాను. పేర్లు, సంవత్సరాలు సరిచేయడానికే నాలుగు నెలలు పట్టింది. పాడినవాళ్ల పేరు ఉండాల్సిన చోట హీరో పేరు, సంగీత దర్శకుడి చోట ఆడియో కంపెనీ పేరు! జానకి గారి పాటలు ఏడు స్పెల్లింగుల్లో ఉన్నాయి. అన్నీ ఒక్కొక్కటే కూర్చుని దిద్దాను.

మెట్రో ప్రయాణికుడు
అందరూ మానేస్తున్నామంటున్నారు, నేను మానను. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ రోజూ రానూపోనూ. యాప్ వల్లే మలయాళం పాటలు అలవాటయ్యాయి, సూఫీ విన్నాను, ఊహించని మనుషుల్ని విన్నాను. ఫ్యామిలీ ప్లాన్‌లో ఆరుగురం పంచుకుంటే తలా ఒక టీ ఖర్చు. 12,000 పాటలు దాచుకున్నాయన 12,001వ పాట ఎక్కడ వింటారు?

పన్నెండువేల పాటలు
రేడియోలో వింటాను. 102.8లో వివిధ భారతి ఇంకా ఉంది సార్.

ఖమ్మం డోలు
పాడేవాళ్ల సంగతి ఒక్కరూ అడగలేదు. మేం నలుగురం జానపదాలు పాడుతం, సొంతంగా రికార్డు చేసి పెడతం. ఒక పెద్ద యాప్‌లో 2024 నుంచి కొత్త నియమం: ఏడాదిలో వెయ్యిసార్లు వినకపోతే ఆ పాటకి పైసా రాదు. మా పద్నాలుగు పాటల్లో పదకొండు ఆ గీతకి కిందే ఉన్నయి. స్టూడియోకి, డోలుకి, హార్మోనియంకి కట్టిన డబ్బులు మా జేబులోవే. ఇప్పుడు పాటల్ని యాప్‌లలో పెట్టడం మానేసినం. యూట్యూబ్‌లో ఉంచుతం, జాతరల్లో, పెళ్లిళ్లలో పెన్‌డ్రైవ్‌లు అమ్ముతం. మేడారం పోయినప్పుడు 60 అమ్మినం. చేతిలో పెట్టి డబ్బులు తీసుకున్నప్పుడు, మా పాట ఎవరు కొన్నరో మొహం కనబడుతది. నాకు అది చాలా పెద్ద విషయం.

పన్నెండువేల పాటల అన్నా, కోపం తెచ్చుకోకు. ఆ పాటల్లో ఎన్నింటికి డబ్బులు కట్టినవ్?

పన్నెండువేల పాటలు
2006లో మా ఊళ్లో కొనడానికి ఏముంది తమ్ముడూ? సీడీ దుకాణం 40 కిలోమీటర్ల దూరం. అమ్మితే కొనేవాణ్ణి. అమ్మినప్పుడు కొన్నాను కూడా. 2012లో ఫ్లిప్‌కార్ట్ ఫ్లైట్ అని పాటలు అమ్మే దుకాణం తెరిచింది. కాపీ చేయకుండా ఆపే తాళం లేని ఎంపీ3లు, డబ్బు కట్టి దింపుకోవడమే. 212 పాటలు కొన్నాను. 2013లో దుకాణం ఎత్తేశారు. ఆ 212 పాటలు ఇవాళ్టికీ నా కారులో మోగుతున్నాయి. కొన్నది కొన్నట్టే ఉంది. మీ పెన్‌డ్రైవ్ ఒకటి నాకు పంపండి, డబ్బులు ముందే వేస్తాను.

డాలస్ తెలుగు
ఐట్యూన్స్ స్టోర్‌లో ఇప్పటికీ కొనుక్కోవచ్చు కదండీ. మన దేశానికి 2012 డిసెంబరులో వచ్చింది. 256 కేబీపీఎస్‌లో ఏఏసీ అనే రకం ఫైలు, తాళం ఉండదు. ఐఫోన్ లేకపోయినా కంప్యూటర్లో కొని ఎక్కించుకోవచ్చు.

పద్యం ప్రియుడు
అసలు ఇంత గొడవెందుకు? మన చట్టం ప్రకారం రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లే. విడుదలైన మరుసటి ఏడాది నుంచి లెక్క. అంటే 1964లో వచ్చిన రికార్డులకి 2024తో గడువు తీరింది. ఘంటసాల గారి పాటల్లో పెద్ద భాగం స్వేచ్ఛగా వినొచ్చు.

థియేటర్ చెవులు
సగం నిజం చెప్పి జనాన్ని చిక్కుల్లో పెట్టకండి. రికార్డింగ్ వేరు, సాహిత్యం వేరు, బాణీ వేరు. రాసినాయన, బాణీ కట్టినాయన పోయాక ఇంకో 60 ఏళ్లు వాటి మీద హక్కులుంటాయి. ఇంట్లో వినడం వేరు, పదిమందికి పంచడం వేరు.

నిర్వాహకులు
డౌన్‌లోడ్ లింకులు అడిగిన రెండు పోస్టులు తీసేశాం. లింకులు పెట్టవద్దు. మాటల్లో గౌరవం పాటించండి.

క్యాసెట్ పెట్టె
నేను తెనాలి కోడల్ని. మా మామగారు పద్య నాటకాల పిచ్చి ఉన్న మనిషి. ఆయన పోయాక అటక మీద 86 క్యాసెట్లు దొరికాయి, సగం ఆయన స్టేజీ ముందు కూర్చుని రికార్డు చేసినవి. ఇవి ఏ యాప్‌లోనూ ఎప్పుడూ లేవు, రావు కూడా. నేను యాప్ మానేసింది వీటి కోసమే. సాయంత్రం ఆ గంట వీటికి కావాలి.

టేప్ రికార్డర్ విప్పితే లోపల బెల్టు తారులా కరిగి చక్రాలకి అంటుకుపోయి ఉంది. దూదికి స్పిరిట్ అద్ది అంతా తుడిచాను, చేతులకి రెండు రోజులు నలుపు పోలేదు. కొత్త బెల్టు కోఠి గుజరాతీ గల్లీ నుంచి మా తమ్ముడు పంపాడు. అయినా గొంతు దుప్పటి కప్పినట్టు వచ్చింది. టేపుని చదివే హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. క్యాసెట్ నడుస్తుండగా సన్న స్క్రూడ్రైవర్‌తో ఆ స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ విన్నాను. ఒక చోట తాళం చిడతలు ఒక్కసారిగా గలగలమన్నాయి. హార్మోనియం శ్రుతి వెనక మా మామగారి దగ్గు కూడా వినిపించింది. మా ఆయన పక్క గదిలోంచి లేచి వచ్చి నిలబడ్డారు.

320, 128 అని తగవు పడుతున్నారు. 1950ల పాటల్లో అసలు ఆ పై శబ్దాలు రికార్డయ్యాయా అన్నది చూడండి ముందు.

థియేటర్ చెవులు
అమ్మా, మీరు చేసినదాన్ని అజిమత్ సర్దుబాటు అంటారు, టేపు మీద హెడ్ వాలు సరిచేయడం. చేతి పనివాళ్లు చేసే పని అది. పాత పాటల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. ఆ కాలపు సినిమా శబ్దంలో 8 కిలోహెర్ట్జ్ పైన పెద్దగా ఏమీ ఉండదు. నేను చెప్పింది 90ల తర్వాతి పాటల గురించి.

పద్యం ప్రియుడు
నాణ్యత అంటున్నారు, శ్రుతి సంగతి చూడరేం? నాకు హార్మోనియం వాయించే అలవాటుంది. ఒక యాప్‌లో ఉన్న పాత పద్యాలకి మెట్లు కలపబోతే ఏ మెట్టుకీ కలవలేదు, రెండు శ్రుతికీ రెండున్నర శ్రుతికీ మధ్య పడుతోంది. ఎక్కించేటప్పుడు టేపు వేగం సరిచూసుకోలేదు. వేగం 6 శాతం పెరిగితే శ్రుతి అర మెట్టు పైకి పోతుంది. మహాగాయకుడి గొంతు కాస్త కుర్రవాడి గొంతవుతుంది. జనం అదే అసలు గొంతనుకుంటున్నారు! నా దగ్గరున్న గ్రామఫోన్ రికార్డుతో పోల్చి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో వేగం తగ్గించి సరిచేసుకున్నాను. యాప్ మానడానికి నాకు ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

మెట్రో ప్రయాణికుడు
ఈ కాస్త తేడా కోసం మానేస్తారా? వినేవాళ్లలో ఎంతమందికి తెలుస్తుంది?

పద్యం ప్రియుడు
మీకు తెలియకపోవచ్చు. తప్పు తప్పే.

గోదారి గట్టు
అందరికీ నమస్కారం. నేనడిగిన మూడింట్లో ఒక్కదానికీ జవాబు రాలేదండీ. అమ్మ సంగతి ఎవరైనా చెప్పండి.

ఇంట్లో సర్వర్
క్షమించండి. ఫోన్‌కి మ్యూజికోలెట్ వాడండి. ఇంటర్నెట్ అనుమతే అడగదు, ప్రకటనలు లేవు. కారు సంగతి: చాలా కారు స్టీరియోలు పేరు వరస చూడవు, పెన్‌డ్రైవ్‌లోకి ఏది ముందు కాపీ అయితే అది ముందు పాడతాయి. డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, పేర్ల ముందు 001, 002 పెట్టి, ఒక్కో ఫోల్డరూ వరసగా కాపీ చేయండి. 64 జీబీలో నాలుగు నిమిషాల 320 పాటలు 6,000 పైనే పడతాయి.

డాలస్ తెలుగు
అమ్మగారికి కారవాన్ అనే పాటల పెట్టె తీసుకోండి. సరిగమ 2017లో తెచ్చింది, పాటలు అందులోనే ఉంటాయి, నెట్ అక్కర్లేదు, గుండ్రటి మీట తిప్పడమే. మా అత్తగారు ఒక్క రోజులో నేర్చుకున్నారు. తెలుగు పాటలది అడిగి తీసుకోండి, హిందీది ఇచ్చేస్తారు.

క్యాసెట్ పెట్టె
దాంతోపాటు మీ నాన్నగారి లిస్టు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి దాని వెనక పెట్టండి. మా అత్తయ్య పెట్టెకి మీట పక్కన ఎర్ర నెయిల్‌పాలిష్ చుక్క పెట్టాను, అక్కడ తిప్పితే మామయ్యగారి పద్యాలు వస్తాయి. చూపు తగ్గినా చుక్క కనబడుతుంది.

గోదారి గట్టు
చుక్క సంగతి నాకు తట్టనే లేదు. పోయిన 23 పాటల్లో 19 దొరికాయి, ఆరు ఐట్యూన్స్‌లో కొన్నాను, మిగతావి మా చిన్నాన్న దగ్గర సీడీల్లో ఉన్నాయి. ఆదివారం వెళ్లి తెచ్చుకుంటాను. లిస్టులోకి ఎప్పుడూ ఎక్కని పద్యం ఒకటుంది, నాన్నగారు నాటకంలో విన్నదట, అది మాత్రం ఎక్కడా లేదు.

పన్నెండువేల పాటలు
థియేటర్ చెవులు గారూ, నిన్న రాత్రి 40 పాటలు చూశాను. 31 పాటలు 16 దగ్గర కోసి ఉన్నాయి. ఫ్లిప్‌కార్ట్ ఫ్లైట్‌లో కొన్నవాటిలో చూసిన తొమ్మిదీ 20 దాకా ఉన్నాయి. మీరు మాట్లాడిన తీరు నాకిప్పటికీ నచ్చలేదు. సీడీలు వెతకడం మొదలుపెట్టాను.

థియేటర్ చెవులు
హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో వెతకండి, గురువారం పొద్దున్నే వెళ్లాలి. గీతలు పడ్డవి వద్దు.

క్యాసెట్ పెట్టె
గోదారి గట్టు గారూ, ఆ పద్యం మొదటి పాదం మీకు గుర్తుందా? మా మామగారి 86లో ఇంకా 50 వినలేదు. లేబుళ్లు చెరిగిపోయాయి, ఒక్కొక్కటే విని రాసుకుంటూ వస్తున్నాను.

గోదారి గట్టు
పాదం గుర్తులేదండీ. రాగం గుర్తుంది, నాన్నగారు కూనిరాగం తీసేవారు. పాడి వాయిస్ మెసేజ్ పంపనా?

క్యాసెట్ పెట్టె
పంపండి. ఇవాళ రాత్రి 37వ క్యాసెట్ పెడుతున్నాను.