ఇంక్‌జెట్‌లో బార్‌కోడ్ గీతలు లావెక్కకుండా ఏం చేయాలి?

నమస్కారమండి. మాది బెంగళూరు, మారతహళ్ళి. అత్తయ్య, నేను ఇంట్లోనే ఆవకాయ, కందిపొడి చేసి కొట్లకు వేస్తున్నాం. సీసాల మీద ఈఏఎన్-13 (సరుకుల మీద ఉండే 13 అంకెల) బార్‌కోడ్ ఇంక్‌జెట్‌లో నేనే ప్రింట్ చేస్తాను. ఫోన్‌లో స్కాన్ అవుతోంది, కొట్లో స్కానర్ మాత్రం మూడుసార్లకు ఒకసారి తీసుకుంటోంది. మొన్న ఒకాయన రెండు డజన్ల సీసాలు వెనక్కి పంపేశారు. అత్తయ్య మొహం చూడలేకపోయాను.

భూతద్దంతో చూస్తే సిరా కాగితంలోకి పాకి నల్లగీతలు లావయ్యాయి, తెల్లసందులు సన్నబడ్డాయి. సన్నగీత 0.33 మి.మీ. అంటే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) 7.8 చుక్కలు. పూర్తి సంఖ్య కాదు కాబట్టి గీతలు ఒక్కోటి ఒక్కోలా పడుతున్నాయనిపిస్తోంది. 8 చుక్కలకు పెంచి, ప్రతి నల్లగీతకూ ఒక చుక్క తగ్గిస్తే సరిపోతుందా? లేక పిగ్మెంట్ ఇంక్ (కరగని రంగుపొడితో చేసిన సిరా), కోటెడ్ (పూత వేసిన) స్టిక్కర్ కాగితం తప్పవా? చేసి చూసినవాళ్ళు చెప్పండి, శనివారం మళ్ళీ సరుకు ఇవ్వాలి.