బెజవాడ, 1921: పరిశోధకులిద్దరి ప్రేమ నోరు విప్పాలా?

గట్టుదారి

మన వేదికలో పంచిన ఒక అపరాధ పరిశోధన నవల రాతప్రతి మీద చర్చ ఇది. చదవనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాను. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరుగుతోంది. గాంధీగారిని చూడటానికి వచ్చిన జనంతో ఊరు కిక్కిరిసింది. ఆ రాత్రి ఏలూరు కాలువ లాకుల దగ్గర ఒక దస్తావేజు లేఖరి శవం తేలుతుంది. కాలుజారి పడ్డాడంటారు పోలీసులు. ఇద్దరు ఒప్పుకోరు. ఒకరు హైస్కూల్లో సైన్సు పంతులు. రెండోవారు తమ్ముడి చేత గ్రంథాలయం పుస్తకాలు తెప్పించుకుని చదివే ఒక వితంతువు. ఆమె భర్త వాటా పొలాన్ని బావగారికి అమ్మినట్టు పుట్టిన క్రయపత్రం రాసింది ఈ లేఖరే. 32 అధ్యాయాల్లో ముడి విడుతుంది. పంతులూ ఆమె తమ మధ్య ఉన్నదాని గురించి ఒక్క మాటా అనుకోరు. మే నెలలో ఆమె ఏలూరు పడవ ఎక్కుతుంది, ఆయన గట్టు మీద ఉండిపోతాడు.

ఇది చాలా, చాలదా అన్నదే ప్రశ్న. నా మటుకు చాలు. ఆధారాన్ని ఒకరు చూసే తీరు రెండోవారికి నచ్చడమే ఇందులో ప్రేమ. దాన్ని మళ్ళీ నోటితో చెప్పిస్తే చిన్నదైపోతుంది.

బ్రాడీపేట పాఠకురాలు

నేను ఒప్పుకోను. "ఆ రోజుల్లో కుదరదు కాబట్టి చెప్పుకోలేదు" అనడం రచయిత తప్పించుకునే దారి. వితంతు వివాహ చట్టం వచ్చింది 1856లో. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి పెళ్ళి జరిపించింది 1881 డిసెంబరులో. కథ నాటికి అప్పటికే నలభై ఏళ్ళు. వెలి ఉంది, నిందలు ఉన్నాయి, నిజమే. కానీ దారి లేకపోలేదు. దారి ఉండీ ఆమె నోరు మూసుకుందంటే కారణం ఆమె లోపల ఉండాలి, అది పాఠకుడికి తెలియాలి. ఈ రాతప్రతిలో ఆ కారణం ఎక్కడా లేదు. హంతకుడు ఎందుకు చంపాడో రెండు అధ్యాయాలు విప్పి చెప్పినవాళ్ళు, ఆమె ఎందుకు మాట్లాడలేదో ఒక పేరా అయినా చెప్పొద్దా?

నల్లసిరా

పాఠకురాలు గారు అడిగిన కారణం ఆ 1856 చట్టంలోనే ఉందండీ. రెండో సెక్షన్ చూడండి. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, మనోవర్తిగా గానీ వారసత్వంగా గానీ చనిపోయిన భర్త ఆస్తిలో ఆమెకున్న హక్కులన్నీ ఆమె మరణించినట్టే లెక్కగట్టి ఆగిపోతాయి. ఆస్తి భర్త తరువాతి వారసులకు పోతుంది. ఇక్కడ ఆ వారసుడెవరు? బావగారు!

అంటే ఈ ప్రేమ నోరు విప్పితే లాభపడేది నేరస్థుడు. రచయిత ఈ బంగారాన్ని చేతిలో పెట్టుకుని వాడుకోలేదు. లేఖరి చచ్చాక క్రయపత్రం మీద అనుమానం లేస్తుంది. అప్పుడు బావగారికి రెండో దారి కావాలి. 14వ అధ్యాయం దగ్గర ఆయనే సంస్కరణాభిమాని వేషం కట్టి, "చిన్నపిల్ల, ఎంతకాలం ఇలా, ఆ పంతులు మంచివాడు" అని నలుగురిలో అనాలి. పాఠకుడికి ఆయన మీద గౌరవం కలగాలి. సెక్షన్ సంగతి 26వ అధ్యాయంలో గానీ బయటపడకూడదు. అప్పటిదాకా ఆమె మౌనం బిడియంలా కనబడుతుంది, ఆ తరువాత అది తెలివి అని తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. భర్త అన్నతో విడిపోయాడని, వాటాలు పంచుకున్నట్టు పారీఖత్తు రాసుకున్నారని మొదట్లోనే చెప్పేయాలి. ఉమ్మడిలో ఉండి పోయివుంటే ఆ కాలంలో ఆమెకు మనోవర్తే తప్ప వాటా లేదు. 1937 చట్టం వచ్చాకే అది మారింది. పారీఖత్తు ప్రస్తావన లేకపోతే కథ మొత్తం కూలిపోతుంది.

క్రయపత్రం దొంగదని పట్టుకునే చోటు మాత్రం బాగా కుదిరింది. పత్రం మీద తేదీ భర్త బతికున్నప్పటిది. స్టాంపు కాగితం వెనక వెండరు రాసిన అమ్మకం తేదీ ఆయన పోయాక. వెండరు దగ్గర రిజిస్టరు ఉంటుంది కాబట్టి సరిచూడొచ్చు. ఇంకో మాట కూడా చేర్చండి: 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రాసిన నాలుగు నెలల్లో పత్రం దాఖలు చేయాలి. అందుకే వాడు పాత తేదీ మరీ వెనక్కి వేయలేకపోయాడు.

లాకుల మీద

ప్రేమ సంగతి తరువాత. తేదీలు, విషం సరిచేయకపోతే తెలిసిన పాఠకుడు మూడో అధ్యాయంలోనే పుస్తకం మూసేస్తాడు.

ఏప్రిల్ 1 రాత్రి ఎనిమిదింటికి ఇద్దరూ లాకుల దగ్గర కలుస్తారు, "వెన్నెల్లో ఆమె ముఖం" అని రాశారు. అది ఫాల్గుణ బహుళ పక్షం, అష్టమి దాటిన రోజులు. అర్ధరాత్రి అయితే గాని చంద్రుడు రాడు. సంవత్సరం దుర్మతి అని వేశారు, అదీ తప్పు. ఉగాది ఇంకా రాలేదు, అప్పటికి నడుస్తున్నది రౌద్రి. చీకటి మీకే మేలు చేస్తుంది. ఆయన చేతిలో హరికేన్ లాంతరు ఉంచండి. లాకు తలుపుల మీది నడక పలక సన్నం, పైగా తడి. ఆమె కాలు వేసే చోట వెలుగు పడేలా ఆయన లాంతరు కిందికి దించి పట్టుకుంటాడు, తన అడుగు చీకట్లో వేస్తాడు. అంత కిందికి దించబట్టే పలక అంచున ఈడ్చిన గీత ఆమెకు కనిపిస్తుంది. ఆప్యాయత, ఆధారం ఒకే లాంతరులో వచ్చేశాయి.

ఇప్పుడు విషం. పంతులు స్కూలు ప్రయోగశాలలో మార్ష్ పరీక్ష చేసి గన్నేరు పట్టేశాడని రాశారు. కుదరదు. జింకు మీద పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, చెంబు అడుగున మిగిలిన మజ్జిగ కలిపి, వచ్చే వాయువును వెలిగించి, మంటకు చల్లటి పింగాణీ అడ్డం పెడితే నల్లగా మెరిసే మరక కడుతుంది, అది పాషాణం (ఆర్సెనిక్) ఉంటేనే. గన్నేరు విషం మొక్క నుంచి వచ్చేది, ఈ పరీక్షకు చిక్కదు. పైగా బజారు జింకులోనే పాషాణం కలిసి ఉండొచ్చు. అందుకని మజ్జిగ వేయకుండా ముందొకసారి ఉత్తగా చేసి చూసుకోవాలి.

నా సలహా: పరీక్ష ఓడిపోనివ్వండి. పంతులు "విషం లేదు" అని చేతులెత్తేసిన చోట ఆమె పని మొదలవుతుంది. లేఖరి ఇంటి ఆడవాళ్ళ దగ్గర కూర్చుని ఆమె తెలుసుకుంటుంది: చివరి సాయంత్రం వాంతులు, కళ్ళకు అన్నీ పచ్చగా కనబడుతున్నాయన్నాడు, వైద్యుడు చూస్తే నాడి నెమ్మదించి ఆగి ఆగి కొట్టుకుంది. ఇవి గన్నేరు లక్షణాలు. ఆ వంటింటి దాకా పంతులు వెళ్ళలేడు, ఆ లక్షణాల అర్థం ఆమె ఒక్కతే చెప్పలేదు. ఒకరు లేకపోతే ఒకరికి కేసు తేలదు. ఇంతకన్నా ప్రేమకథ ఏం కావాలి?

గట్టుదారి

లాంతరు మాట నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. నేను వాడే కొలత కూడా అదే. ప్రేమ ఉన్న పేరా తీసేసి చదవండి. పరిశోధన ఎక్కడా తెగకుండా సాగిపోతే ఆ పేరా ఉన్న చోటు తప్పు. 32 అధ్యాయాలకు అలాంటివి ఏడెనిమిది చాలు. 9, 10, 11 అధ్యాయాల్లో వరసగా మూడు చూపులు పెట్టారు. మూడిట్లోనూ ఆధారం లేదు, కథ అక్కడే చతికిలపడింది. శవపంచాయతీ సీను పక్కనే మాత్రం ఏ చూపూ వద్దు, చచ్చినవాడి భార్య ఏడుస్తూంటే అది ఎబ్బెట్టుగా ఉంటుంది.

బ్రాడీపేట పాఠకురాలు

నల్లసిరా గారి సెక్షన్ వల్ల 26 వరకూ మౌనానికి కారణం దొరికింది, సంతోషం. ఆ తరువాత? బావగారు పట్టుబడ్డాడు. ఆస్తి ఆమెది. ఇప్పుడు పెళ్ళంటే పొలం వదులుకోవడమే. నష్టం ఆమెది కాబట్టి అడగాల్సింది కూడా ఆమే. "ఈ ఆరెకరాలూ వదిలేస్తే మీ జీతంతో ఇద్దరం బతకగలమా, పంతులుగారూ?" ఈ ఒక్క వాక్యం రాయండి. ఇందులో ప్రేమ అన్న మాటే లేదు, లెక్క మాత్రమే ఉంది. దీన్ని కూడా ఎక్కువంటే ఇక మాట్లాడను.

నల్లసిరా

వాక్యం గొప్పగా ఉంది. కానీ అదే సెక్షన్‌లో ఇంకో మెలిక ఉంది. వీలునామా ద్వారా పరిమిత హక్కు వచ్చినప్పుడు, అందులో మళ్ళీ పెళ్ళికి స్పష్టమైన అనుమతి ఉంటే ఆ హక్కు పోదు. లేఖరి రాసిన మరో కాగితం అదే అయితే? వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాబట్టి ఆఫీసులో నకలు ఉండదు. మూలం కాల్చేస్తే అది ఉందని చెప్పగలిగేది రాసినవాడొక్కడే. హత్యకు ఇంతకన్నా గట్టి కారణం దొరకదు. లేఖరి తన దగ్గర ఉంచుకున్న ముసాయిదా ఆ ఇద్దరికీ దొరుకుతుంది. ఆమె అనుమతి వాక్యం వరకూ పైకి చదివి, కాగితం ఆయన చేతికిస్తుంది. ఎవరూ ఏమీ అడగనక్కరలేదు.

బ్రాడీపేట పాఠకురాలు

హత్యకు కారణంగా అద్భుతం, తప్పకుండా పెట్టాలి. ముగింపుగా మాత్రం కాదు. అక్కడ మాట్లాడింది చనిపోయిన భర్త. ఆమె ఇష్టం ఏమిటో ఆమె నోట వినాలనే ఇంతసేపూ నేనంటున్నది. అనుమతి ఇచ్చినంత మాత్రాన ఇష్టం ఉన్నట్టు కాదు కదండీ.

లాకుల మీద

ఏ ముగింపు ఎంచుకున్నా మే నెల పడవ తీసేయండి. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు, పడవ నడిచేంత నీళ్ళుండవు. రైలెక్కించండి, లేదా జూన్‌లో నీళ్ళు వదిలేదాకా ఆపండి. నా ఓటు జూన్‌కే. శవంలోంచి తీసినవి మద్రాసు కెమికల్ ఎగ్జామినర్‌కు వెళ్ళి, నివేదిక తిరిగి రావడానికి ఆ రెండు నెలలు సరిపోతాయి. అయితే పోలీసులు ప్రమాదం అని మూసేస్తే అవి మద్రాసు వెళ్ళవు. అందుకని శవపంచాయతీలో కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకరు నీళ్ళలో మునిగి పోయినవాళ్ళకు మామూలుగా కనబడే నురగ నోటి దగ్గర లేదని పట్టుబట్టి రాయించినట్టు రెండో అధ్యాయంలోనే నాటుకోవాలి.